తనకల్లుకు ఒక పార్సిలు

మా ఊళ్ళో నా మాటను సగానికి కోసి నమ్ముతారు. మిగిలిన సగాన్ని జల్లెడ పట్టి పారేస్తారు. తప్పు వాళ్ళది కాదు. గుమ్మఘట్టలో నాకొక పిండిమిల్లు ఉంది. కరెంటు వచ్చేదాకా రాగుల సంచులు, జొన్నల సంచులు పెట్టుకొని జనం కూర్చుంటారు. ఊరికే కూర్చున్నవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి కదా. ఒకసారి మిల్లు బెల్టు తెగి ఎగిరి, బళ్ళారి రోడ్డు మీద పోయే లారీ చక్రానికి చుట్టుకుందని, లారీ పరుగుకు మిల్లు తిరిగి నాలుగు బస్తాల రాగులు కరెంటు లేకుండానే పిండి అయ్యాయని చెప్పాను. ఒక అవ్వ అంతా విని, "ఆ లారీని రేపు కూడా రమ్మను, నావి ఇంగా ఆడలేదు" అంది. మా వైపు జనం అబద్ధాన్ని అలా ఆదరిస్తారు.

అలాంటి నన్ను అబద్ధంలో ఓడించింది ఒక వెబ్‌సైటు. ఫలానా ఊరినుంచి ఫలానా ఊరికి ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెబుతానని పెట్టుకున్న వెబ్‌సైటు. దాని పేరు ఎందుకు గానీ, ఓడినవాడు గెలిచినవాడి మీద చాడీలు చెప్పకూడదు.

జరిగింది ఇది. నా చెల్లెల్ని తనకల్లుకు ఇచ్చాం. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పదకొండో నెలలో పిల్లకు చెవులు కుట్టించాలని అనుకున్నారు. మాలో చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. కంసాలి ఆచారి సూది పట్టుకుంటే, కదలకుండా తల పట్టుకునేది మేనమామే. బిడ్డ మొదటిసారి నొప్పికి ఏడ్చేది ఆ ఒళ్ళోనే. జీవితంలో ఒక మనిషికి అలాంటి పని ఎన్నిసార్లు దొరుకుతుంది? నాకు ఉన్నది ఒకే చెల్లెలు, ఆమెకున్నది ఒకే బిడ్డ.

అయితే నా మీద ఒక పాత కేసు ఉంది. పిల్లకు పేరు పెట్టిన రోజు నేను చేరేసరికి విస్తళ్ళు ఎత్తేశారు. నిజం చెప్పాలంటే, తనకల్లుకు బస్సు మారే కదిరిలో ఒక టీ అంగడి దగ్గర ఇద్దరు మనుషులు నా కథ వింటూ నవ్వుతుంటే, వాళ్ళను మధ్యలో వదిలి లేవలేక రెండు బస్సులు పోగొట్టుకున్నాను. ఆ మాట చెల్లెలికి ఎలా చెప్పను? బస్సు చక్రం ఊడి, మాకంటే ముందు తనకల్లు దిక్కు దొర్లిపోయిందని చెప్పాను.

"చక్రం వచ్చిందన్నా. నువ్వే రాల్యా" అంది ఆమె. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

అందుకే ఈసారి ఫోనులోనే షరతు పెట్టింది. "అన్నా, బుధవారం పన్నెండుకు రాహుకాలం వస్తాది. ఆ లోపల చెవులు కుట్టల్ల. నువ్వు మంగళవారమే రావల్ల. వస్తాండా, బయలుదేరినా అని నోటితో చెప్పాకు. ఫోనులో బస్సులు చూపిస్తాదంట, యా బస్సో, ఎన్నింటికో ఫోటో తీసి పంపు."

"నా మాట మీద అంత నమ్మకం లేదా?"

"నీ మాట మీద ఉండాది. దాని టైము మీదనే లేదు."

సరేనని ఆ వెబ్‌సైటు తెరిచాను. 'ఎక్కడినుంచి' అనే గడిలో నా ఊరి పేరు కొట్టబోతే, అది నన్ను కొట్టనివ్వకుండా రాష్ట్రంలోని ఊళ్ళన్నీ వరుసగా కిందికి పరిచింది. బొటనవేలితో నెట్టుకుంటూ, నెట్టుకుంటూ పోయాను. వేలు నొప్పి పుట్టేసరికి మా ఊరు కనబడింది. ముట్టుకుంటే దాని కింది ఊరు పడింది. 'వెనక్కి' నొక్కితే మళ్ళీ మొదటి ఊరి దగ్గర నిలబెట్టింది. తేదీ పెడితే, ఆ తేదీ నచ్చలేదేమో, అది మెల్లగా ఈ రోజుకు మారిపోయింది. ఆ తర్వాత నేను మనిషినో యంత్రమో తేల్చుకోవాలని తొమ్మిది బొమ్మలు చూపించి, వీటిలో సిగ్నల్ దీపాలు ఎందులో ఉన్నాయో చెప్పమంది. మా మండలంలో ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే బండ్లు ఆగుతాయి. దీపాల సంగతి నాకేం తెలుసు? మూడుసార్లు నేను యంత్రాన్నేనని తీర్పు ఇచ్చి, నాలుగోసారి దయ తలచింది.

చివరికి ఒక పచ్చటి టిక్కు గుర్తు, దాని పక్కన ఒక బస్సు. గుమ్మఘట్టనుంచి కదిరికి, దిగకుండా, మారకుండా. మంగళవారం మధ్యాహ్నం మూడుంబావుకు. ఫోటో తీసి చెల్లెలికి పంపాను. "ఇది బాగుండాది. దీంట్లో నీ నోరు లేదు" అని జవాబు వచ్చింది.

మంగళవారం మిల్లు మూసి, పిల్లకు కొన్న కొత్త గౌను, చెల్లెలికి రెండు సేర్ల రాగిపిండి సంచిలో పెట్టుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని రెండున్నరకే రోడ్డు పక్కన కూర్చున్నాను. మూడుంబావు అయింది. నాలుగు అయింది. దుమ్ము వచ్చింది, ఎండ వచ్చింది, వేరుశనక్కాయల ట్రాక్టర్లు వచ్చాయి, బస్సు రాలేదు. ఆలస్యమేమోనని ఆరింటి దాకా కూర్చున్నాను. గొర్రెలు తోలుకొని ఇంటికి పోతున్న ఒకాయన నన్ను చూసి ఆగాడు.

"ఏమన్నా, కొత్త చొక్కా ఏసుకోని ఈడ కూర్చున్నావు?"

"కదిరి బస్సుకు."

ఆయన కట్టె మీద గడ్డం ఆనించి చాలాసేపు నవ్వాడు. "ఆ బస్సా? అది నా పెండ్లయిన ఏడాది నిలిచిపాయ. ఇప్పుడు నా కొడుకు బడికి పోతాండాడు. నువ్వు చెప్పే కతల్లో కూడా ఆ బస్సు ఇంగా తిరుగుతాండాదా?"

చెల్లెలికి ఫోను చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జీవితంలో అంత శుద్ధమైన నిజం ఎప్పుడూ చెప్పలేదు.

"బస్సు ఉండాదని నువ్వే ఫోటో పంపితివి కదన్నా" అంది.

"పంపినా. ఆ బస్సు లేదంట."

"ఫోటోలో ఉండాది, రోడ్డు మీద లేదా?"

"అంతే."

ఆమె గొంతు మారింది. "ఈసారి చక్రం కాకుండా బస్సే ఎగిరిపాయనా? విను. రేపు పన్నెండు లోపల వస్తే వచ్చినట్టు. లేకుంటే కదిరినుంచి చిన్నాయన కొడుకు వస్తాండాడు, ఆయప్పా వరసకు మేనమామే. ఆయప్ప ఒళ్ళో కూర్చోబెడతాను. నేనేం చేసేదన్నా, తొమ్మిదేండ్లకు పుట్టింది. మంచి గడియ పోగొట్టుకోలేను."

మా చిన్నాయన కొడుక్కి కదిరిలో, ఆ టీ అంగడికి ఎదురుగానే, సిమెంటు అంగడి ఉంది. వాడు పుట్టినప్పటినుంచి దేనికీ ఆలస్యంగా పోలేదు. నాకు వాడి మీద ఉన్న కోపమంతా అదొక్కటే.

దీపాలు పెట్టే వేళకు మళ్ళీ వెబ్‌సైటు ముందు కూర్చున్నాను. ఈసారి నేరుగా తనకల్లు అడిగాను. అది చాలాసేపు తిరిగి తిరిగి ఒక దారి చూపించింది. రాయదుర్గం, అక్కడినుంచి బళ్ళారి, బళ్ళారినుంచి బెంగుళూరు, బెంగుళూరునుంచి తిరుపతి, తిరుపతినుంచి మదనపల్లి. మొత్తం పంతొమ్మిది గంటలు. మదనపల్లి తర్వాత నడిచే మనిషి బొమ్మ ఒకటి, దాని పక్కన రాత: నలభై ఒక్క కిలోమీటర్లు, ఏడు నిమిషాలు.

ఫోను కింద పెట్టి, దానికి మనసులోనే నమస్కారం చేశాను. లారీకి బెల్టు చుట్టిన నాకు కూడా, మనిషిని ఏడు నిమిషాల్లో నలభై ఒక్క కిలోమీటర్లు నడిపించే ధైర్యం రాలేదు. కాకపోతే ఒక తేడా ఉంది. నేను చెప్పే అబద్ధాలు కూర్చున్నవాళ్ళకు చెబుతాను. ప్రయాణమైనవాళ్ళకు చెప్పను.

తెల్లవారి ఐదింటికి పాలక్యాన్ల మధ్య ఆటోలో రాయదుర్గం చేరాను. బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు నిలబడి ఉంది. కండక్టరమ్మ డ్రైవరు పక్కన ఇంజను మూత మీద పార్సిళ్ళు సర్దుతోంది. మా వైపు బస్సులు మనుషులతో పాటు వీటిని మోస్తాయి. ఒక టిఫిను క్యారియరు కళ్యాణదుర్గం హాస్టల్లో ఉన్న ఎవరి కూతురికో. ఒక మోటారు కాయిలు ధర్మవరానికి, రిపేరుకు. మందుల కవరొకటి. తెల్లటి గుడ్డలో కట్టిన పట్టునూలు మూట ఒకటి, మగ్గానికి. ప్రతిదానికీ ఒక చీటీ: ఏ ఊరు, ఎవరు తీసుకుంటారు, వాళ్ళ ఫోను నంబరు. ఈ బస్సు ఆ బస్సుకిస్తుంది, ఆ బస్సు ఇంకో బస్సుకిస్తుంది. దీనికి ఆఫీసు లేదు, రసీదు లేదు. మా అమ్మ కళ్ళజోడు రిపేరుకు పోయి, మూడు బస్సులు మారి, గీత పడకుండా తిరిగొచ్చింది.

"అమ్మా, పన్నెండు లోపల తనకల్లులో ఉండల్ల. కళ్యాణదుర్గంలో దిగితే ధర్మవరం బండి దొరుకుతాదా?" అని అడిగాను.

"అంత అర్జెంటు ఏముందన్నా ఆడ?"

"మేనకోడలికి చెవులు కుట్టేది. నా ఒళ్ళో కూర్చోబెట్టల్ల."

"మరి నిన్ననే పోకుండా ఏం చేస్తాంటివి?"

ఫోను చూపించాను. ఆమె కళ్ళజోడు పైకి నెట్టుకొని పంతొమ్మిది గంటల దారినీ పైనుంచి కిందికి చదివింది. "బెంగుళూరు ఎందుకు మధ్యలో? కాఫీ తాగేకా?" అంది. నడిచే మనిషి దగ్గరికి వచ్చి ఆగింది. నన్ను తలనుంచి కాళ్ళ దాకా చూసింది. "అంత జోరుగా నడిచేవాడివైతే ఈన్నుంచే నడువు. నా బస్సెందుకు?"

తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, "దీన్ని లోపల పెట్టుకో" అని తన ఫోను తీసింది. ఎవరికో చేసింది.

"ఏమప్పా, ధర్మవరం బండి నీదేనా ఈపొద్దు? నేను వచ్చేదాకా తీయాకు. నా దాంట్లో మూడు పార్సిళ్ళు వస్తాండాయి. పట్టునూలు, మోటారు కాయిలు, ఇంగొకటి మనిషి." అవతల ఏదో అన్నారు. "మనిషేనప్పా. బతికే ఉండాడు. తనకల్లుకు పోవల్ల. పన్నెండు లోపల చేరకుంటే చెడిపోతాది."

ఫోను పెట్టేసి, టిక్కెట్టు కాగితం వెనకాల రాయడం మొదలుపెట్టింది. "మీ చెల్లెలు నంబరు చెప్పు."

"నా నంబరు ఉంది కదమ్మా."

"పార్సిలు నంబరు ఎవరికి కావల్ల? తీసుకునేవాళ్ళ నంబరు చెప్పు. అది లేకుండా నేను ఎక్కించుకోను."

చెప్పాను. ఆమె చీటీ నా చొక్కా జేబులో సగం బయటికి కనబడేటట్టు పెట్టింది. 'తనకల్లు. 12 లోపల. చెల్లెలు తీసుకుంటుంది.' దాని కింద నంబరు.

కళ్యాణదుర్గంలో ధర్మవరం బస్సు నిజంగానే నిలబడి ఉంది. డ్రైవరు నా ముఖం చూడలేదు, జేబులో చీటీ చదివాడు. కాయిలును, నూలు మూటను ఇంజను మూత మీద పెట్టి, నన్ను దాని పక్క సీట్లో కూర్చోబెట్టాడు. దారిలో వేరుశనక్కాయ చేలు, గాలిమరలు, మళ్ళీ వేరుశనక్కాయ చేలు. ఊరికే కూర్చోలేక, ఆ గాలిమరలకు అసలు గాలి మా మిల్లునుంచే పోతుందని ఒక కథ మొదలుపెట్టాను. డ్రైవరు రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా, "ఇన్నేండ్లుగా పార్సిళ్ళు మోస్తాండా. మాట్లాడే పార్సిలు ఇదే మొదలు" అన్నాడు. నోరు మూసుకున్నాను.

తొమ్మిదికి ధర్మవరం. నూలు మూటకోసం ఒక నేతగాడు కాచుకొని ఉన్నాడు. గుడ్డ ఒక మూల విప్పి, రెండు వేళ్ళతో పోగు తాకి చూసి, మళ్ళీ కట్టి, డ్రైవరుకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దండంలో ఏమీ అతి లేదు. నన్ను తీసుకునేవాళ్ళు కూడా అలా తాకి చూసి, ఒప్పుకుంటే బాగుండునని అనిపించింది.

"ఈడనే నిలబడు. ఇదే చోటికి కదిరి బండి వస్తాది. ఆయప్పకు మీ చెల్లెలు నంబరుతో సహా చెప్పినాను. యాడికీ పోవాకు" అని డ్రైవరు వెళ్ళిపోయాడు.

అక్కడ నా ఫోనుకు నెట్టు బాగా పట్టింది. రాత్రి నేను మూయని ఆ పేజీ దానంతటదే మేలుకుంది. 'మీ బస్సు నాలుగు నిమిషాల్లో' అంది. నేను నిలబడ్డ చోట కాదు, తొమ్మిది వందల మీటర్ల అవతల వేరే స్టాండులో. ఎర్రటి చుక్క టపటపా కొట్టుకుంటోంది.

రెండుసార్లు మోసం చేసిన దాన్ని మూడోసారి ఎందుకు నమ్మానని అడుగుతారు. నన్ను నేనూ అడుగుతుంటాను. మనిషి నోటితో చెప్పింది గాలిలో కలుస్తుంది. తెర మీద ఉన్నది రాసినట్టు కనబడుతుంది. రాసినదంతా నిజమని నమ్మే బడిలో చదువుకున్నవాణ్ణి. ఆటో ఎక్కాను.

ఆ చుక్క ఉన్నచోట స్టాండు లేదు. ఒక గోడ ఉంది. గోడ మీద రంగు వేసిన ఎర్రటి నూలు ఆరేసి ఉంది. నూలు తిరగేస్తున్న ఒక పెద్దామె నన్ను చూసి, నేనడగకముందే, "బస్సుకా?" అంది.

"అవునమ్మా."

"వారానికొకరు వస్తారు ఫోను పట్టుకోని. బస్సు ఒక్కసారి కూడా రాల్యా." చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తాగు. తాగి బిరీన పో. ఏమప్పా ఆటో, ఈయప్పను యాడ ఎక్కించుకున్నావో ఆడనే దించు. దిక్కు తెలీని మనిషి."

నీళ్ళు తాగాను. ఇవాళ్టికీ ఆ నీళ్ళ చల్లదనం గుర్తుంది.

తిరిగి వచ్చేసరికి కదిరి బస్సు హారను వీధంతా వినబడుతోంది. డ్రైవరు తలుపు దగ్గర నిలబడి నాలుగు దిక్కులా వెతుకుతున్నాడు. నా జేబులో చీటీ చూసి, "దొరికిందప్పా" అని లోపలికి కేక వేశాడు. బస్సు పది నిమిషాలుగా ఆగి ఉందట. ఎక్కగానే ముందు సీట్లో ఉన్న అవ్వ అందుకుంది.

"ఏమప్పా, నీ కోసరం మేమంతా ఈడ ఉడకాల్నా? యాడికి పోయినావు?"

"తప్పయింది అవ్వా. ఫోను ఇంగొక చోట బస్సు ఉండాదనింది."

"ఫోను మీ అమ్మనా, నీ ఆలినా, అది చెప్తే పోయేకి?"

బస్సంతా నవ్వింది. మామూలుగా అయితే అలాంటి నవ్వుకు నేను రెండింతలు తిరిగిచ్చేవాణ్ణి. ఆ రోజు చేతకాలేదు. టైము తొమ్మిదిన్నర. చెల్లెలు, తొమ్మిదేళ్ళు, పిల్ల చెవులు, పన్నెండు గంటలు, సిమెంటు అంగడి తమ్ముడు, అంతా చెప్పేశాను. ఒక్క మాట పెంచలేదు. కథ చెప్పి నవ్వించలేకపోవడం నాకదే మొదటిసారి.

వెనకాలనుంచి ఒక గొంతు, "డ్రైవరన్నా, ముదిగుబ్బలో టీకి నిలపాకు" అంది. ఆ మాట అన్న పెద్దాయనే ఎక్కినప్పటినుంచి టీ టీ అని గొణుగుతున్నాడట. పక్కనున్నాయన ఆ సంగతి నాతో చెప్పాడు.

"నిలపకుంటే మీకు తలనొప్పి రాదా?" అన్నాడు డ్రైవరు.

"ఒక పూట వస్తే ఏమైతాది. మేనమామ లేకుండా చెవులు కుడితే ఆ పిల్లకు జీవితమంతా చెప్తారు."

అవ్వ నా చేతిలో నాలుగు వేయించిన వేరుశనక్కాయలు పెట్టింది. "తిను. నీ మొగం చూస్తే నీకే చెవులు కుడతాండేట్టు ఉండాది."

ముదిగుబ్బలో బస్సు దిగేవాళ్ళకోసం మాత్రం నిలబడి కదిలింది. నేను కిటికీలోనుంచి టీ అంగడిని చూశాను. పెద్దాయన చూడలేదు. ఆయన కళ్ళు మూసుకొని కూర్చున్నాడు.

కదిరి చేరేసరికి పదకొండు దాటింది. తనకల్లు మీదుగా పోయే మదనపల్లి బస్సు వేళ ఎప్పుడో అయిపోయింది. అయినా ఊరి చివర మలుపులో ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. మా డ్రైవరు దాని పక్కగా ఆపి, కిటికీలోంచి కిటికీకి, "ఇదేప్పా ఆ పార్సిలు" అన్నాడు. నేను దిగి ఎక్కాను. వెనక్కి తిరిగి దండం పెడదామని చూసేసరికి ఆ బస్సు వెళ్ళిపోయింది. లోపలున్న వాళ్ళలో ఒక్కరి పేరు కూడా నేను అడగలేదు.

తనకల్లులో దిగబోతే డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండు. ఎవరు తీసుకుంటారు?"

"నాకు ఇల్లు తెలుసన్నా."

"నీకు తెలిస్తే ఎట్ల? నాకు తెలియల్ల కదా. నలుగురు చేతులు మారి వచ్చినావు. ఆఖరికి నా దగ్గర పోతే?"

అప్పటికే మా బావమరిది, చెల్లెలి మొగుడు, స్కూటరు మీద బస్సు ముందుకు వచ్చి నిలబడ్డాడు. డ్రైవరు కిటికీలోంచి చీటీ చూపించి అడిగాడు, "నీదేనా?"

"నాదేన్నా. బిరీన ఇయ్యి."

స్కూటరు వెనకాల కూర్చున్నాక అడిగాను, "నేను ఈ బస్సుకు వస్తానని నీకెట్ల తెలిసింది?"

"పొద్దున్నుంచి మీ చెల్లెలికి ఫోన్లే బావా. రాయదుర్గంలో ఎక్కించినామని ఒకామె చేసింది. కళ్యాణదుర్గం దాటినాడని ఒకాయన. ధర్మవరంలో కనపడలేదని ఒకాయన చేసినాడు. మళ్ల దొరికినాడని ఆయనే చేసినాడు. కదిరినుంచి ఇంగొకాయన."

నేను ఇరవై ఏళ్ళుగా చెప్పిన మాటల్లో ఒక్కటీ నమ్మని నా చెల్లెలు, ముఖం తెలియని మనుషుల మాట మీద ఆ పూటంతా కూర్చుంది.

ఇంట్లో పీట మీద మా సిమెంటు తమ్ముడు కొత్త పంచెతో మఠం వేసుకొని కూర్చుని ఉన్నాడు. ఒడి ఖాళీగా ఉంది. ఆచారి సూది పట్టుకొని గడియారం చూస్తున్నాడు. పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. బిడ్డ లోపలి గదిలో ఉంది. అరగంటనుంచి చెల్లెలు పాలిస్తూ కూర్చుందట. ఆమె అత్త రెండుసార్లు పిలిచింది. "తాగుతాండాది. నిలపండి" అని మాత్రం చెల్లెలు అంది. పాలు తాగే బిడ్డను లాక్కుని రమ్మని ఎవరంటారు? రాహుకాలమైనా ఆ గది గడప దాటలేదు.

నా గొంతు విని చెల్లెలు బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను నోరు తెరవబోయాను.

"ఏం చెప్పాకన్నా. నాకంతా తెలుసు. కూర్చో."

తమ్ముడు లేచాడు. "రా అన్నా. నీ చోటు వేడి చేసి పెట్టినా" అన్నాడు. వాడి మీదున్న ఆ ఒక్క కోపం కూడా పోయింది.

బిడ్డను నా ఒళ్ళో పెట్టారు. పాలతో నిండిన పొట్ట, బరువుగా, వెచ్చగా ఉంది. దుమ్ముకొట్టిన నా చొక్కాలోనుంచి బయటికి తొంగిచూస్తున్న చీటీ దాని కంట బడింది. లాగి నోట్లో పెట్టుకుంది. అది నములుతుండగా ఆచారి కుడిచెవి కుట్టాడు. ఒక్క క్షణం ఏమీ తెలియలేదు. తర్వాత నా ముఖంలోకి చూసి, ఇదంతా నీవల్లే అన్నట్టు, నోరంతా తెరిచి ఏడ్చింది. చీటీ కింద పడింది. రెండో చెవి అయ్యేదాకా ఆ తల నా రెండు చేతుల్లో ఉంది. దానికంటే నేనే ఎక్కువ ఏడ్చానని చెల్లెలి అత్త చెబుతుంది. ఆమె కొంచెం పెంచి చెప్పే మనిషి.

భోజనాల దగ్గర అందరూ కథ చెప్పమన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. నిలిచిపోయిన బస్సు, బెంగుళూరు, ఏడు నిమిషాల నడక. "కోతలు కోస్తాండాడప్పా మళ్లా" అని చేతులు కడుక్కున్నారు. ఆ నడకకు రుజువు చూపిద్దామని పేజీ తెరిస్తే, 'మీ సమయం ముగిసింది, మొదటినుంచి ప్రారంభించండి' అంది. నా దగ్గర మిగిలిన సాక్ష్యం పాలతో తడిసిన ఆ చీటీ ఒక్కటే. ఆరబెట్టి ఇప్పటికీ మిల్లులో మోటారు స్విచ్చు పక్కన అతికించి ఉంచాను. దానిమీద రాత సగం పోయింది. ఆ కండక్టరమ్మ పేరు మాత్రం అందులో మొదటినుంచీ లేదు. పని చేసినవాళ్ళు సంతకం పెట్టలేదు.

మరుసటి రోజు పొద్దున చెల్లెలు బిడ్డను చంకన వేసుకొని బస్సు దాకా వచ్చింది. పిల్ల చెవులు ఎర్రగా ఉన్నాయి, వాటిలో పసుపు రాసిన సన్నటి తీగలు మెరుస్తున్నాయి. బస్సు వచ్చాక, నన్ను ఎక్కనివ్వకుండా ఆపి, కొంగు ముడిలోంచి ఒక మడిచిన కాగితం తీసి నా జేబులో పెట్టింది. డ్రైవరు వంగి, దాన్ని బయటికి లాగి, పైకి చదివాడు.

'గుమ్మఘట్ట. మా అన్న. కదిరిలో టీ అంగడి దగ్గర దిగనీయొద్దు.'